గార పట్టని పన్ను

బయమ్మ ఆ పొద్దున కూడా గోడవైపు తిరిగే బొరుగుల ఉగ్గాని తిన్నది. తిన్నంతసేపూ ఎడమచేత్తో కొంగు నోటికి అడ్డం పట్టుకునే ఉంది.

"అవ్వా, దినామూ గోడను చూసుకుంటా తింటావేంటికి?" అని అడిగింది మనవరాలు హేమ. రెండో తరగతి పిల్ల. పెద్దవాళ్లు నెలకు పైగా చూసీ చూడనట్టు ఊరుకున్న సంగతిని అది ఉన్నపళంగా అడిగేసింది.

"గోడైతే నీ మాదిరి అడగదు గదమ్మా" అన్నది బయమ్మ. ఒకప్పుడైతే ఇలాంటి మాట అని తనే ముందు పకపకా నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు.

లోపల పక్కబట్టలు దులుపుతున్న కోడలు వనజాక్షికి అత్త దిండు కింద ఒక గుడ్డతిత్తి దొరికింది. విప్పితే తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బా, కాచు ముక్కలు. తొమ్మిదేళ్ల కాపురంలో అత్త వక్కాకు నమలడం ఆమె చూసి ఎరగదు. తిత్తిని అలాగే తీసుకెళ్లి ముందుగదిలో ఉన్న మొగుడి చేతిలో పెట్టింది.

అనంతపురంలోని ఆ ఇంట్లో ముందుగదే వెంకటరాముడి ల్యాబు. టౌనులోని పంటి డాక్టర్లు అచ్చులు పంపిస్తే, పింగాణీ పొడి తడిపి, కుంచెతో పొర మీద పొర పేర్చి, చిన్న కొలిమిలో కాల్చి పన్ను చేసి ఇచ్చేవాడు. మొదట్లో లోపల లోహం పెట్టి పైన పింగాణీ వేసేవాడు. 2007 జనవరిలో బెంగుళూరు పోయి, లోహమనేదే లేకుండా అచ్చం సిరామిక్‌తో చేసే కొత్త పద్ధతి నేర్చుకొచ్చాడు. ఆ పద్ధతిలో చేసిన తొలి పన్ను తల్లికే పెట్టించాడు. ఉరవకొండ దగ్గర వాళ్ల ఊళ్లో, పోయినేడు విత్తనానికి వేరుశనగకాయలు వొలిచేటప్పుడు వేళ్లు నొప్పి పుట్టి పంటితో కొరికితే, ఆమె ముందుపన్ను సగానికి విరిగింది. మిగిలిన సగానికి తొడిగే క్యాపును కొడుకు తన దగ్గరున్న రంగులన్నింట్లోకీ తెల్లటిది ఏరి మరీ చేశాడు. ఇంటికి వచ్చిన ప్రతి డాక్టరుకూ తల్లిని పిలిచి చూపించాడు. "కాఫీ తాగినా, వక్కాకు నమిలినా దీనికి గార పట్టదు సార్" అని ఎన్నిసార్లు గొప్పలు పోయాడో అతనికే తెలియదు.

ఇప్పుడా తిత్తి పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చాడు.

"ఏమమ్మా ఇది? అరవై దాటినంక కొత్తగా వక్కాకు మరిగినావా? నోరు పాడైపోతాది. పంటి డాక్టర్లతో పనిచేసేవాణ్ణి, నా ఇంట్లోనే ఇట్లుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురి మాటే నీకెప్పుడూ" అన్నది బయమ్మ, ఇంకా గోడవైపే చూస్తూ.

"నీ మంచికి చెప్తే గూడా తప్పేనా?"

"నా మంచికా!" బయమ్మ ఇటు తిరిగి కొంగు తీసేసింది. "చూడు నాయనా. బాగా చూడు. నెలదినాల నుంచి నములుతాండా. నాలిక పగిలింది. బుగ్గలు మండుతాండాయి. చుట్టూ ఉండే పండ్లన్నీ ఎర్రగైనాయి. ఇదొక్కటి మాత్రం నువ్వు పెట్టించిన దినం ఎట్లుందో అట్లనే ఉండాది."

వెంకటరాముడికి అర్థం కాలేదు. "మరి ఏంటికి నమిలేది?"

"ఇది గూడా మిగతావాటిలో కలిసిపోతాదని!"

వనజాక్షి మొగుడి వెనకే గడపలోకి వచ్చింది. హేమ తినడం ఆపేసింది.

వాళ్ల ఊళ్లో అందరివీ గోధుమరంగు చారలు పడ్డ పండ్లే. ఆ ఊరి నీళ్లలో ఉన్న ఫ్లోరైడు అలాంటిది. చిన్నప్పటినుంచీ తాగిన ఏ ఒక్కరినీ వదల్లేదు.

"పోయిన్నెల కాయలు వొలిచేకాడికి పోతినా" అన్నది బయమ్మ. "'ఏమప్పా బయమ్మా, నోట్లో ట్యూబులైటు పెట్టుకున్నావే' అనె మన ఊరి తిమ్మమ్మ. అందరూ నగిరి. నేను గూడా నగితి. నగేకొద్దీ నా నోట్లోకే చూడబట్టిరి. ఇంగ నోరు తెరిస్తే ఒట్టు. మూన్నాళ్లకే బస్సెక్కి వచ్చేస్తిని."

ఏటా కాయలు వొలిచే ఆ గుంపులో పొద్దు తెలియకుండా నవ్వించేది బయమ్మే. ఆమె పక్కన కూర్చోడానికి ఆడవాళ్లు పోటీ పడేవాళ్లు. అక్కడ మూడురోజులు నోరు మూసుకుని కూర్చున్నదంటే ఎంత కుమిలిపోయిందో వెంకటరాముడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"మాకొక మాట చెప్పకూడదా అత్తా?" అన్నది వనజాక్షి.

"ఎట్ల చెప్పేదమ్మా? పెట్టించిననాడు వాని కండ్లల్లో నీళ్లు. అంత మురిపెంగా చేస్తే బాగలేదని ఏ నోటితో చెప్పేది? అయినా వానికి నా నోరు చూస్తే ముందునుంచీ సిగ్గేలే." ఆమె గోడమీది పెళ్లిఫొటో వైపు చూసింది.

ఫొటోలో వెంకటరాముడు, వనజాక్షి నవ్వుతున్నారు. పక్కనే బయమ్మ పెదాలు గట్టిగా బిగించి ఉంది. ఆనాడు ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. ఆమె నోరారా నవ్వబోయింది. పెళ్లికొడుకు వంగి చెవిలో చెప్పాడు. "నగొద్దమ్మా. పండ్లు కనపడతాయి."

అప్పటికే అతను పనిలో చేరి, తన ముందుపండ్లు నాలుగూ అరగదీయించుకుని పైన తెల్ల క్యాపులు వేయించుకున్నాడు. ఆ మాట అన్న సంగతి మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

వనజాక్షి ఫొటో వంకా అత్త వంకా మార్చి మార్చి చూసింది. "నేను నీకు నచ్చలేదనుకున్నానత్తా. అందుకే మొకం అట్ల పెట్టినావని ఇన్నేండ్లూ అనుకుంటి" అంది.

వెంకటరాముడు తల ఎత్తలేకపోయాడు. అమ్మకు గొప్ప పన్ను చేశానని ఊరంతా చాటుకున్నాడు. చేసింది అమ్మ కోసం కాదు. ఆమె నోట్లో తనకు నచ్చనిదాన్ని కప్పెట్టడానికి చేశాడు. పెళ్లినాడు ఒక్క మాటతో ఆమె పెదాలు మూయించాడు. ఇప్పుడేమో ఆమె నవ్వే లేకుండా చేశాడు. ఇంత పాపం చేసి, పైగా వక్కాకు నమిలిందని గదమాయించడానికి వచ్చాడు.

"తప్పు చేసినానమ్మా" అని అక్కడే కింద కూర్చుండిపోయాడు. బయమ్మ తన పళ్లెంలో మిగిలిన మిరపకాయ బజ్జీ హేమ పళ్లెంలో వేసింది.

మర్నాడే తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వక్కాకు మరకలు తీయించాడు. పాత క్యాపు కోసి తీయాల్సిందేనని, ముక్కలైపోతుందని డాక్టరు చెప్పాడు.

"అంత పనితనం పెట్టి చేసినావు. మనసొప్పుతాదా?"

"కోసేయండి సార్. కొత్తది తెచ్చినంక" అన్నాడు వెంకటరాముడు.

పంటి రంగు చూడాలంటే పగటి వెలుతురు కావాలి. ఆదివారం పొద్దున మిద్దె మీద కుర్చీ వేసి తల్లిని కూర్చోబెట్టాడు. పంటి రంగులు పోల్చి చూసే పలకల్లో ఆమె పంటికి సరిపోయేది ఒక్కటీ లేదు. ఎక్కడో చేసిన ఆ పలకలకు ఉరవకొండ నీళ్ల సంగతి ఏం తెలుసు? చారలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో చూసి కాగితం మీద గీసుకుంటే, ఆ గీతల ప్రకారం కొత్త పన్ను మీద గోధుమరంగు పూసి కొలిమిలో కాల్చాలి. తన పండ్లకు కూడా ఒకప్పుడు అవే చారలుండేవి. వాటిని తనే అరగదీయించాడు. మళ్లీ రావు.

"నగమ్మా" అన్నాడు.

బయమ్మ పెదాలు విడలేదు. కొడుకు ముందర తొమ్మిదేళ్ల అలవాటు.

"వద్దన్నది నేనే. ఇప్పుడు అడుక్కునేది గూడా నేనే. నగమ్మా."

పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తున్న హేమకు సందేహం వచ్చింది. "నాయనా, అవ్వకు చారల పన్ను చేస్తావు గదా. నీకు గూడా చేసుకుంటావా?"

"వానికొద్దులేమ్మా" అన్నది బయమ్మ వెంటనే. "కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఒగరన్నా వెలుగుతాండాల గదా!"

ఆ మాట అని, కొంగు సంగతే మర్చిపోయి, కాయలు వొలిచే గుంపులో నవ్వినట్టే పగలబడి నవ్వింది. వనజాక్షి కూడా ఆపుకోలేకపోయింది.

వెంకటరాముడి చేతిలో పెన్సిలు అలాగే ఉంది. కాగితం మీద ఒక్క గీతా పడలేదు. భుజంతో కండ్లు తుడుచుకుని తల్లికి ఇంకొంచెం దగ్గరగా జరిగాడు.

"ఇంగొగసారి నగమ్మా" అన్నాడు. "కండ్లు మసకైనాయి. సరిగ్గా చూడలేదు."