పర్వతాలు తాగని బీడీ

ఆదివారం పొద్దున పెరట్లో బెండ మొక్కలకు నీళ్లు పెడుతూ భాస్కర్ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. యాభై రెండేళ్లకే ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని ఆర్నెల్ల క్రితం మేడ్చల్ డాక్టరు చెప్పాడు. ఇప్పుడు జన్యు పరీక్ష రిపోర్టు వచ్చింది. శామీర్‌పేట దగ్గర ల్యాబులో పనిచేసే కూతురు అశ్రిత ఆ కాగితాలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"నాయినా, కణాలల్ల క్రోమోజోములుంటయి. వాటి కొసలను టెలోమియర్లంటరు. కణం రెండైనప్పుడల్లా అవి కొంచెం అరుగుతయి. కొన్ని ప్రొటీన్లు ఆ కొసలను అంటిపెట్టుకొని కాపాడుతయి. లేకుంటే క్రోమోజోము తెగిందనుకొని కణం పని ఆపేస్తది. నీకు అండ్ల ఒక ప్రొటీన్ పుట్టుకతోనే సరిగ్గ లేదు. అందుకే జల్దీ అరిగి, ఊపిరితిత్తులు గట్టివడుతున్నయి."

"ఇరవై ఏండ్లకే నెత్తి తెల్లవడుడు గూడ గందుకేనా?"

"గందుకే."

భాస్కర్ నీళ్లు పెట్టడం ఆపి కూతురి పక్కన కూర్చున్నాడు. "పర్వతాలుకు గూడ గట్లనే తెల్లవడ్డది" అన్నాడు.

పర్వతాలు ఆయన తమ్ముడు. ఇద్దరూ ఒకే సైకిల్ మీద శామీర్‌పేట చెరువు కట్ట దాకా పోయి, తెల్ల వెంట్రుకలు ఎవరికెక్కువో లెక్కపెట్టుకుని నవ్వుకునేవారు. ముప్పై మూడేళ్లకు తమ్ముడికి దగ్గు పట్టుకుంది. చాటుగా బీడీలు తాగుతున్నాడని భాస్కర్ అనుకున్నాడు. "ముట్టలే అన్నా" అని ఎంత చెప్పినా నమ్మక, పదిమంది ముందు చెంప మీద కొట్టాడు. రెండేళ్లకు పర్వతాలు పోయాడు. అతని భార్య నాగమణి ఐదేళ్ల కూతురు ఆమనిని తీసుకుని అల్వాల్‌లోని పుట్టింటికి వెళ్లిపోయింది. పదిహేనేళ్లుగా ఈ గడప తొక్కలేదు.

"చిన్నాయినది గూడ ఇదే అయితే, ఆమనికి వచ్చే అవకాశం సగం" అంది అశ్రిత. "ముందే తెలిస్తే డాక్టర్లు కనిపెట్టుకొని ఉంటరు. పోయి చెప్పాలె."

వంటింట్లోంచి తల్లి మనోరమ వచ్చింది. "వచ్చే వారం గుండ్లపోచంపల్లోళ్లు నిన్ను చూసుకోను వస్తుండ్రు. ఇప్పుడు గీ ముచ్చట ఊరంత తెల్వాల్నా?"

"నాకు గూడ సగమే అమ్మా. నిన్న రక్తం ఇచ్చి వచ్చిన."

మనోరమ చేతిలోని గరిటె కిందికి దిగింది. కూతురి తల నిమిరి, పాపిట దగ్గర వెంట్రుకలు విడదీసి చూసి, ఏడ్చింది.

"కారు తియ్యి బిడ్డా" అన్నాడు భాస్కర్.

మనోరమ కొంగుతో మొహం తుడుచుకుని, "నేను గూడ వస్త" అంది.

అల్వాల్‌లో నాగమణి మెడలో టేపుతో, కుట్టుపని మధ్యలోంచి లేచి వచ్చి తలుపు తీసింది. భాస్కర్ గడప బయటే నిలబడ్డాడు.

"పర్వతాలు బీడీ ముట్టలే నాగమణీ. అది మా రక్తంల ఉన్న జబ్బు. నేనే తప్పు జేసిన."

"ముట్టలేదని నాకెప్పుడో ఎరుకే బావా" అంది ఆమె. "పోయే ముందురోజు గూడ నీ గురించే అడిగిండు. అన్నకు కోపం తగ్గిందా అని."

భాస్కర్ గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుపుతో ఊపిరి అందలేదు. లోపలినుంచి ఆమని పరుగున వచ్చి, ఆయన వీపు నిమురుతూ నీళ్లు తాగించింది. అశ్రిత పరీక్ష సంగతంతా మెల్లగా చెప్పింది. ఆమని భయపడింది. అయినా సరేనంది.

తర్వాత ఆయన పక్కనే కూర్చుని అడిగింది. "పెద్దనాయినా, నాకు నాయిన దగ్గొక్కటే యాదికున్నది. అంతకుముందు ఎట్లుండేటోడు?"

భాస్కర్ చెప్పడం మొదలుపెట్టాడు. లోపల నాగమణి మరో మూడు గ్లాసుల బియ్యం కడుగుతుంటే, మనోరమ పొయ్యి వెలిగించింది.