పెంటమ్మ ఇంటి మలుపు

మరిడమ్మ సైకిలుకు చిల్లంగి చేతబడి తగిలిందని ఎదురింటి నూకాలు ఊరంతా చెప్పిందట. పెంటమ్మ ఇంటి మలుపు రాగానే హ్యాండిల్ దానంతటది పక్కకు తిరిగిపోతోందట, తన కళ్లతో చూసిందట.

తిరిగిపోవడం మాత్రం నిజం.

మరిడమ్మ కొండవాడల్లో మందులు పంచుతుంది. ఘాట్ రోడ్లు వానలకు కొట్టుకుపోయాక, పెళ్లివారైనా మందులైనా కదిలేది కొండ సైకిళ్ల మీదే. ప్రతి సైకిలుకూ హ్యాండిల్ తిరిగే చోట తోవమెడ ఉంటుంది. తొక్కేవాడి చేయి ఎక్కడ ఎటు తిరిగిందో అది పసిగట్టి, మిగతా బళ్లన్నిటికీ అందిస్తుంది. ఒకడు జారిన చోట మర్నాటి నుంచి అందరి హ్యాండిళ్లూ వాటంతటవే తప్పుకుంటాయి. తోవ చూసి తొక్కే అలవాటు జనానికి ఎప్పుడో పోయింది.

పెంటమ్మది చక్కెర జబ్బు. ఇంజెక్షన్లు పడకపోతే కాలి పుండు మానదు. కొంతకాలంగా బండి ఆ మలుపులో పక్కకు లాగేస్తుంటే, మరిడమ్మ మందుల సంచి అక్కడి బండ మీద పెట్టి, బెల్లు కొట్టి వెళ్లిపోతోంది. నిన్న చూస్తే కిందటిసారి పెట్టిన సంచి ఎవరూ తియ్యకుండా అలాగే ఉంది. ఇవాళ పొద్దున్నే బండిని సోమాలు కొట్టుకు తోసుకొచ్చింది.

"మెడ పాడైంది, మార్చెయ్."

సోమాలు ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాడు. "వెన్నలా తిరుగుతోంది కదక్కా! సరే, కొత్తరకం తోవమెడ వేస్తాను. ఇంకా తెలివైంది."

"అది పెంటమ్మ ఇంటికి పోనిస్తుందా?"

సోమాలు నవ్వాడు. "ఏ తోవమెడా పోనివ్వదు. చిల్లంగి ముసలిదని ప్రతివాడూ ఆ మలుపులో హ్యాండిల్ తిప్పేసుకున్నాడు. అక్కడేదో లోయ ఉందనుకుంది ఇది. నేనూ తిప్పాను. నువ్వేమన్నా తిప్పలేదా?"

మరిడమ్మ కొంగు సర్దుకుంది. "ఏమీ తెలియని మెడ ఉందా నీ దగ్గర?"

"పాతకాలం ఉత్త బేరింగు కప్పులూ గోళీలూ ఉన్నాయి. నిజం లోయలో పడితే నన్నడక్కు."

"అవే వెయ్యి."

సోమాలు ఫోర్కు కిందికి దించి, తోవమెడను కడ్డీతో లోపలినుంచి తట్టి ఊడదీశాడు. మొదట చూసిన కప్పు గొట్టంలో వదులుగా ఆడింది. వెతికి వెతికి బిగువైనది ఏరి, వంకర పోకుండా దిగ్గొట్టాడు. గ్రీజులో గోళీలు పేర్చి బిగించాడు. ముందు బ్రేకు పట్టి బండిని ఊపితే కటకట లేదు.

మలుపు దగ్గర ఈసారి బండి ఎటూ లాగలేదు. మరిడమ్మ చేతులే పక్కకు లాగాయి. పళ్లు బిగబట్టి నిలబెట్టుకుంది.

పెంటమ్మ నులకమంచం మీద ఉంది. కాలికి చుట్టిన గుడ్డ పైదాకా నలుపెక్కింది. ఇంట్లో అడుగు పెట్టలేని వాసన.

"పిన్నీ, నా తప్పు కాదే. మాయదారి సైకిలు రానివ్వలేదు. ఇవాళ మెడ తీయించి మరీ వచ్చాను."

పెంటమ్మ వాకిట్లోకి చూసింది. అక్కడినుంచి మలుపూ బండా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"బెల్లు వినబడేది. నువ్వూ కనబడేదానివి. నాకైతే కాలు కదలదు. నువ్వు దిగి నడిచి రాకూడదటే?"