బుడ్డోడికి ఏమైంది?

ఆ ఉదయం కోడలు కుట్టుమిషను ఆపి, "ఒరేయ్ బుడ్డోడా, లేరా!" అని మూడుసార్లు పిలిచింది. కత్తిరించిన గుడ్డ మీద అటు తిరిగి పడుకున్న బుడ్డోడు ఉలకలేదు, పలకలేదు.

ఎనిమిదేళ్లుగా ఆమె చంటిబిడ్డలా సాకిన కుక్క వాడు. వీధి మలుపులో ఆమె చెప్పుల చప్పుడు వింటే చాలు, గేటు దగ్గరికి ఉరికేవాడు. ఆరు నెలలుగా ఏం పుట్టిందో గానీ, ఆమె ఇంట్లోకి వచ్చినా తలెత్తి చూడటం లేదు. అంత పొగరా అనుకుంటూ ఆమె వంగి గుడ్డ లాగింది. బుడ్డోడు అదిరిపడి లేచాడు, లేస్తూనే ఆమె చేతిని కరిచాడు. ఆ వెంటనే తనే హడలిపోయి గోడవారకు ముడుచుకున్నాడు. రక్తం చూశాక వాడి భయం ఎవరికి కనబడుతుంది?

"నెలలో ఇది రెండోసారి!" అని అరిచింది కోడలు.

బస్సు డ్యూటీకి తయారవుతున్న భర్త తువ్వాలుతో పరుగెత్తుకొచ్చాడు. "ముందు చెయ్యి కడుక్కో. సూది వేయించుకుందాం పద."

"సూది సంగతి తర్వాత. అటు చూడండి!"

హాలు చివర కుర్చీలోంచి అత్తగారు చెయ్యెత్తి ఒక్కసారి ఊపారు. అంతే, బుడ్డోడు తోకాడిస్తూ వెళ్లి ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టాడు. గొంతుకు ఆపరేషనయ్యాక ఏడాదిగా ఆవిడకు మాట లేదు. చదువూ రాదు. ఏం చెప్పాలన్నా చేతులే. ఆ సైగలు నేర్చుకునే ఓపిక కోడలికి ఎక్కడిది? "సరే సరే" అనేసి పని చూసుకునేది.

"తిండి పెట్టేది నేను, స్నానం చేయించేది నేను. కూర్చున్నచోటి నుంచే మీ అమ్మ వాణ్ని నాకు కాకుండా చేసింది."

"అమ్మేం చేస్తుందే పాపం..."

"ఈ ఇంట్లో వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి."

తేల్చడానికి ఆ మహానుభావుడికి పెద్ద ధైర్యమేమీ అక్కర్లేకపోయింది. తెలిసినవాళ్ల గోడౌన్‌కి కాపలాకుక్క కావాలట. విశాలమైన ఆవరణ, రెండు పూటలా తిండి. మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది.

గొలుసు తగిలిస్తుంటే అత్తగారు వంటింట్లోంచి గబగబా వచ్చారు. బుడ్డోడి వెనక నిలబడి, స్టీలు పళ్లేన్ని గరిటెతో దబదబా బాదారు. ఎదురింటివాళ్లు కిటికీలు తెరిచారు. ఆవిడ కోడలి మొహంలోకి చూస్తూ, కుక్కను చూపించి మళ్లీ బాదారు.

"నలుగురిలో పరువు తీస్తారా అత్తయ్యా? నన్ను కరిచినప్పుడు లేని బాధ, వాడు పోతుంటే వచ్చిందా?" కోడలు గరిటె లాక్కుంది. అత్తగారి నోరు తెరుచుకుంది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. బండి కదిలింది.

మూడోనాడు ఉదయం ఫోను. భర్త స్పీకరు పెట్టాడు. అవతల గోడౌన్ లారీ డ్రైవరు.

"అన్నా, కావాలని చెయ్యలేదన్నా. లారీ వెనక్కి తీస్తున్నాను. వాడు అటు తిరిగి కూర్చున్నాడు. హారన్ మీద హారన్ కొట్టాను. హమాలీలు కేకలేశారు. వాడు చెవి కూడా కదపలేదు. ఏ కుక్కయినా లేస్తుంది కదా అనుకున్నాను... చక్రం కింద పడి పోయాడన్నా. వాడికి చెవుడని ముందే చెప్పొద్దా అన్నా?"

కోడలికి అప్పుడు తెలిసింది. వాడికి పొగరు లేదు. ఏ పిలుపూ వినబడక, ఎవరు ఎటునుంచి వచ్చి మీద చెయ్యేస్తారో తెలియక బెదిరిపోయి కరిచాడు. చెయ్యి ఊపినవాళ్ల దగ్గరికి వెళ్లాడు, ఎందుకంటే అదొక్కటే వాడికి తెలిసింది. అలాంటివాణ్ని లారీల మధ్యకు తనే పంపింది. గుండెలు బాదుకుని ఏడ్చింది. ఎంత ఏడ్చి ఏం లాభం?

చాలాసేపటికి అత్తగారి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

ఆవిడ తల ఊపారు.

"ఎప్పట్నుంచి?"

ఆరు వేళ్లు చూపించారు.

"మరి నాకెందుకు..." కోడలి మాట సగంలో ఆగిపోయింది. ఆరు నెలలుగా ఆవిడ చెబుతూనే ఉన్నారు.

అత్తగారి కళ్లూ ధారగా కారుతున్నాయి. కోడలి తల నిమిరి, చేతులు కదిలించడం మొదలుపెట్టారు. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు, గుమ్మం వైపు చూపించారు, ఇంకేదో అన్నారు. కోడలికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఆమె కింద చతికిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుని ఆవిడ చేతుల వైపే చూసింది.

"అర్థం కాలేదత్తయ్యా. మళ్లీ చెప్పండి."

అత్తగారు మళ్లీ మొదటినుంచి చెప్పసాగారు.