కొండమ్మ అడిగిన పేరు

పుల్లయ్య మీద నంది పడింది. ఆళ్లగడ్డలో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచీ రాళ్లు ఎత్తి దించిన శిల్పి మీద, చదునైన నేల మీద నిలబెట్టిన రాతి నంది పట్టపగలు దానంతటదే ఒరిగి పడిందట! కాగితాల మీద అది ప్రమాదం. నిఘా డిపార్ట్‌మెంట్ లెక్కలో హత్య.

నంద్యాలలో ఒక రైస్ మిల్లు పైగదే ఆ డిపార్ట్‌మెంట్ ఆఫీసు. కింద మిల్లు ఆడుతుంటే పైన మాట్లాడింది గోడ అవతలికి పోదు. ఏజెంట్ ఫ్రాన్సిస్ ముందు చీఫ్ రాజశేఖర్ ఒక ఫొటో పడేశాడు.

"క్రౌస్. పైకి విగ్రహాల ఎక్స్‌పోర్టర్. అసలు పని విత్తనాల దొంగతనం. కరువును తట్టుకునే జొన్న, మన సైంటిస్టులు ఏళ్ల తరబడి కష్టపడి తీసిన మూలవిత్తనం, వీడి చేతిలో పడింది. ఏదో ఒక విగ్రహం పీఠంలో పెట్టి ఓడ ఎక్కిస్తాడు. ఏ విగ్రహమో కనిపెట్టే లోపే, వాడి ఆళ్లగడ్డ షెడ్డులో పనిచేస్తూ మనకు కబుర్లు చేరవేసే పుల్లయ్యను చంపేశారు."

"రెయిడ్ చేస్తే?"

"రెండుసార్లు చేశాం. వాడి కంప్యూటర్లో హార్డ్‌డిస్కే లేదు. లైవ్ సీడీతో బూట్ చేస్తాడు. సిస్టమంతా సీడీలో ఉంటుంది, పని ర్యామ్‌లో జరుగుతుంది. మనవాళ్లు గేటు దాటగానే ప్లగ్ పీకేస్తాడు. ర్యామ్ ఖాళీ. సీడీ మీద చదవడమే తప్ప రాయడం కుదరదు. ఇక సాక్ష్యం ఎక్కడిది?"

"అయితే రాసేటట్టు చేద్దాం సార్."

మర్నాటికల్లా ఫ్రాన్సిస్ సరుకు సిద్ధం చేశాడు. క్రౌస్ సీడీకి కవల లాంటి సీడీ ఒకటి. తేడా అల్లా బూట్ లైన్‌లో చేర్చిన 'పర్సిస్టెంట్' అనే ఒక్క మాట. దానికి తోడు గోరంత పెన్‌డ్రైవ్. కంప్యూటర్ వెనక అది గుచ్చితే, సిస్టమ్ దాన్ని తనే వెతుక్కుని, చేసిన ప్రతి పనినీ దాని మీద దాచుకుంటుంది. కరెంటు పోయినా పోదు. తెర మీద మాత్రం అంతా ఎప్పటిలాగే కనిపిస్తుంది.

"లోపల చందన ఉంది" అన్నాడు రాజశేఖర్. "క్రౌస్‌కు మేనేజర్. నిజానికి మన ఏజెంట్. క్యాబిన్ తాళంచెవి ఇస్తుంది. కానీ షెడ్డులో గార్డులు కదలరు."

ఒక్క సమయంలో కదులుతారు. కళ్లు తెరవని విగ్రహాన్ని ఊరు దాటించకూడదని ఆ షెడ్డులో పట్టింపు. శిల్పి చివరగా ఉలితో విగ్రహానికి కళ్లు తెరిచేటప్పుడు దాని తొలిచూపు మనిషి మీద పడకూడదని అందరూ బయటికి పోయి తలుపు మూస్తారు. గార్డులూ ఆ ఊరివాళ్లే కదా! పుల్లయ్య చివరి విగ్రహానికి కళ్లు ఇంకా తెరవలేదు.

పుల్లయ్య భార్య కొండమ్మ అంతా విని, ఫ్రాన్సిస్‌ను ఎగాదిగా చూసింది.

"నా తమ్ముడు, కండ్లు దెరుస్తాడని జెప్పి షెడ్డుకు తోల్కపోతా. గానీ నా మొగుని పేరు వానికి జెప్పిందెవరో నువ్వు నాకు జెప్పల్ల. నీ దేవుని మీద ఒట్టెయ్."

"యేసయ్య మీద ఒట్టక్కా. తెలిసిన రోజే వచ్చి జెప్తా."

షెడ్డు గుమ్మంలో చందన ఎదురొచ్చింది. ధర్మవరం పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఆమె కంటే ముందే వచ్చే సెంటు వాసన.

"వడ్లు ఎండినాయా?"

"ఇంగా పచ్చిగానే ఉండాయి మేడమ్" అన్నాడు ఫ్రాన్సిస్, ఉలుల సంచి భుజాన సర్దుకుంటూ.

గుర్తుమాటకు గుర్తుమాట సరిపోయింది, తాళంచెవి సంచిలోకి జారింది. చందన కొండమ్మ చెయ్యి పట్టుకుని, కళ్లద్దాలు తీయకుండానే ఓదార్చింది.

సాయానికని కొండమ్మ లోపలే ఉండగా తలుపు మూసుకుంది. ఫ్రాన్సిస్ క్యాబిన్‌లోకి దూరాడు. ఉలి పట్టడం అతనికి రాదు. కొండమ్మే ఉలి, సుత్తి అందుకుని మొగుడు వదిలేసిన కళ్ల ముందు కూర్చుంది. ఆ ఇంట్లో ఆడవాళ్లు విగ్రహానికి కళ్లు తెరవడం అదే మొదలు. సుత్తి చప్పుడులో సీడీ ట్రే చప్పుడు కలిసిపోయింది. పాత సీడీ బయటికి, కొత్తది లోపలికి. పెన్‌డ్రైవ్ ఇంకా చేతిలోనే ఉంది.

బయటి నుంచి గార్డు కేక: "అయిపాయనా అన్నా? అద్దం జూపినావా?"

ఏ అద్దం? చర్చిలో పెరిగిన ఫ్రాన్సిస్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"తలుపు దెరిస్తే సూపు నీ మీదనే పడ్తాదిరో!" అని అరిచింది కొండమ్మ. "ఇంగా అద్దం జూపల్యా. ఆడనే ఉండు!"

తలుపు అవతల అడుగులు దూరమయ్యాయి. పెన్‌డ్రైవ్ కూర్చుంది. కొండమ్మ కొంగులోంచి అద్దం తీసి, తొలిచూపు దాని మీదే పడేలా విగ్రహం ముందు పట్టి, తను మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది.

రెండ్రోజులకు రెయిడ్. క్రౌస్ నవ్వుతూ ప్లగ్ పీకి చేతులు కట్టుకున్నాడు. విగ్రహాలన్నీ లారీ మీద ఉన్నాయి. ఏ విగ్రహమో తెలియకుండా దేవుళ్లను పగలగొట్టడానికి ఏ పోలీసూ సాహసించడు. ఆపడానికి కారణం చూపలేక వదిలేస్తే లారీ కదిలింది. ఫ్రాన్సిస్ ప్లగ్ మళ్లీ పెట్టాడు. తెర వెలిగింది. క్రౌస్ రాసుకున్నవన్నీ పొల్లు పోకుండా వరసగా వచ్చాయి.

"పదిహేడో పెట్టె! వేణుగోపాలుడు!"

ముందు చక్రాలు గేటు దాటాక లారీ ఆగింది. పీఠం అడుగున, మైనం పూసిన డబ్బాలో జొన్నలు. క్రౌస్ నవ్వు అక్కడితో సరి.

సాక్షుల సంతకాల కోసం ఫ్రాన్సిస్ కంప్యూటర్లో దొరికిన ఉత్తరాలు ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. వాటిలో ఒకటి, క్రౌస్ తన పైవాళ్లకు ముందురోజే రాసింది: 'చందనను అనుమానించకండి. శిల్పి గవర్నమెంటు మనిషని మనకు చెప్పింది ఆమే.'

మిల్లు పైగదిలో రాజశేఖర్ తల కూడా ఎత్తలేదు.

"అడిగింది ఆమె. సరేనన్నది నేను. క్రౌస్‌కు ఆమె మీద అనుమానం వచ్చింది. ఒకరిని ఇస్తే తప్ప నమ్మడు. ఇన్నేళ్లు తయారుచేసిన ఏజెంటా, రాళ్లు కొట్టుకునేవాడా? నువ్వైతే ఎవరిని ఇస్తావ్?"

"ఆయన మనల్ని నమ్మినాడు సార్."

"నమ్మాడు కాబట్టే ఇవ్వగలిగాం. ఆ ఉత్తరం చెరిపేయ్. కొండమ్మతో క్రౌసే కనిపెట్టాడని చెప్పు."

ఫ్రాన్సిస్‌కు ఒళ్లు మండిపోయింది. ఇంతకాలం ఈ మనిషికి వంగి వంగి దండాలు పెట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"చెరపను సార్. సంతకాలు పడి సీలు కూడా అయింది."

ఆళ్లగడ్డ బస్సులో ఉండగానే ఫోను మోగింది. రాజశేఖర్ పేరు మెడల్‌కు వెళ్లింది. చందనకు ప్రమోషన్. ఫ్రాన్సిస్‌కు బదిలీ.

కొండమ్మ గడపలోనే నిలబడింది.

"ఎవరప్పా?"

"మావాళ్లే అక్కా. ఆ చందన. మా పెద్దసారు ఒప్పుకున్నాడు. నాకు ఈపొద్దుదాకా తెల్దు."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఆయమ్మ నా చెయ్యి పట్టుకునె. నేను పట్టుకోనిస్తి" అంది, ఆ చేతినే చూసుకుంటూ. "మొగుని చంపిచ్చి, పెండ్లాంతో పని జేపిచ్చుకుంటిరే! ఇంగ పో."

తలుపు పడింది. సీమలో పగవాడు గడప తొక్కినా చెంబుడు నీళ్లిచ్చి పంపుతారు. దేశం విత్తనాన్ని కాపాడిన ఏజెంట్ ఫ్రాన్సిస్ ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్టాండులో నీళ్ల సీసా కొనుక్కు తాగాడు.