ఆడిట్ రోజు కోల్డ్ స్టోర్‌లో

ఉదయం 8.05. కోల్డ్ స్టోర్‌లో మైనస్ పద్దెనిమిది డిగ్రీలు.

రొయ్యల పెట్టెల రాక్ పక్కన ల్యాబ్ అమ్మాయి వెల్లకిలా పడి ఉంది. నిండా పాతికేళ్లు లేవు. తల వెనక గాయం. నేల మీద మంచు.

"కాలు జారింది సార్. రాక్ అంచు తగిలింది," అన్నాడు మేనేజర్, గుమ్మం దగ్గర నిలబడి ఇన్‌స్పెక్టర్‌తో. పోలీసులకు ఫోన్ చేసిందీ ఆయనే, వాళ్లెప్పుడు వెళ్తారా అని వాచీ చూసుకుంటున్నదీ ఆయనే. పదకొండింటికి ఆడిటర్ వస్తాడు. చెరువు నుంచి పెట్టె దాకా ప్రకృతికి హాని చెయ్యలేదని అతను సంతకం పెడితేనే సరుకు ఓడెక్కుతుంది. లేదంటే నాలుగు వందల మంది ఆడవాళ్లు రోడ్డున పడతారు.

ఇన్‌స్పెక్టర్ లోపలికి అడుగు వేయబోయాడు. సూపర్‌వైజర్ అడ్డం నిలబడింది. యాభై ఏళ్ల మనిషి. ఫ్యాక్టరీలో అందరికీ పెద్దక్క. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. అయినా చేతిలో హెయిర్ నెట్ ఉంది.

"తలకి పెట్టుకోండి సార్."

"రాలడానికి నా నెత్తి మీద ఏం మిగిలిందమ్మా?"

"రూల్ రూలే సార్. జనం తినే సరుకుంది లోపల."

నున్నటి బట్టతల మీద ఆమే నెట్ తొడిగింది. మరో రోజైతే ఆయన నవ్వేవాడే. శవం పక్కన గొంతుక్కూర్చుని నెట్ తొడిగి ఉన్న ఆ పిల్ల తలను చాలాసేపు చూశాడు.

8.40. మేనేజర్ గది. ముందు కోల్డ్ స్టోర్ ఆపరేటర్ వచ్చాడు.

"ఎప్పుడొచ్చావ్?"

"ఐదున్నరకే సార్. ఆడిట్ కదా, మేనేజర్ గారు, పెద్దక్క, ల్యాబ్ అమ్మాయి, అందరం అప్పుడే వచ్చాం."

"శవాన్ని ముందు చూసిందెవరు?"

"నేనే. ఏడూ ఇరవైకి."

"నీ నెట్ ఏది?"

ఆపరేటర్ ఉన్ని టోపీ సర్దుకున్నాడు. "పెద్దక్క లేకపోతే దీంతోనే వెళ్లిపోతాను సార్."

"ఇంకేం చూశావ్?"

"ట్రాలీ తడిగా ఉంది. పని మొదలవకముందే ఎవరు కడిగారో!"

తర్వాత మేనేజర్.

"ఆ అమ్మాయితో గొడవా?"

"గొడవని కాదు సార్... ఒక లాట్‌లో మడ అడవి నరికి తవ్విన చెరువు రొయ్యలు కలిశాయంది. ఆడిట్ అయ్యాక చూద్దామన్నాను. ఆడిటర్‌కి ఫైల్ ఇచ్చి తీరతానంది."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"పెద్దక్కకి చెప్పాను. కాస్త నచ్చజెప్పమని."

"మీకూ నెట్ లేదే?"

"ఆవిడ పట్టుకుంటేనే పెట్టుకుంటాను సార్."

10.50. ఆడిటర్ వచ్చేశాడు. ఇన్‌స్పెక్టర్ అతన్నీ మిగతా ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు.

"జుట్టంతా రక్తం. పైనున్న నెట్ మీద ఒక్క చుక్క లేదు. చిరగలేదు కూడా. అంటే దెబ్బ తగిలింది వేరే చోట. రక్తం ఆరాక నెట్ తొడిగారు. ట్రాలీ మీద తెచ్చి ఇక్కడ పడుకోబెట్టారు."

"యాక్సిడెంట్‌లా కనిపించాలనేమో?" అన్నాడు మేనేజర్.

"మీరిద్దరూ బతికున్న మీ తలలకే పెట్టుకోరు. చచ్చిన పిల్ల తలకి పెడతారా?" ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "శవాన్నయినా సరే, నెట్ లేకుండా ఆ గడప దాటించలేని మనిషి ఇక్కడ ఒక్కరే ఉన్నారు. కాదా పెద్దక్కా?"

ఆమె కాదనలేదు.

"తోశాను సార్. ల్యాబ్ బల్ల అంచు తగిలింది. చంపాలని కాదు. దాన్ని నా కూతురిలా చూసుకున్నాను. సర్టిఫికెట్ పోతే నాలుగు వందల పొయ్యిలు ఆరిపోతాయే అన్నాను. ఫైల్ లాక్కున్నాను. 'ముందు నా మాట విను పెద్దక్కా' అంటూనే ఉంది."

"ఫైల్ ఎక్కడ?"

"నా లాకర్‌లో. తెరవలేదు."

కానిస్టేబుల్ తెచ్చి ఇచ్చాడు. ఆడిటర్ మొదటి పేజీ చదివి కళ్లద్దాలు తీసేశాడు.

"ఆ లాట్‌ని ఆ అమ్మాయే ఎగుమతిలోంచి తీసి పక్కన పెట్టిందమ్మా. తప్పు మీరే పట్టుకుని ఆపేస్తే సర్టిఫికెట్ పోదు. మేం వెతికేదే అలాంటి వాళ్ల కోసం. ఈ కాగితం చూపిస్తే సంతకం పెట్టేవాణ్ణి."

"అదే చెప్పబోయిందా?" అంది పెద్దక్క. ఆడిటర్ ఆ పేజీని ఆమె వైపు తిప్పాడు.

పనికొచ్చి గేటు బయట ఎనిమిదింటి నుంచి నిలబడి ఉన్న ఆడవాళ్లలో ఒకామె కిటికీ దగ్గరికి వచ్చి కేకేసింది.

"పెద్దక్కా! లోపలికి రమ్మంటావా?"

పెద్దక్క కుర్చీలో ఇంకా ముడుచుకుపోయింది.

"ఇళ్లకి పొమ్మని మీరే చెప్పండి సార్. నాకు నోరు రావట్లేదు."