చప్పుడు లేని గది

ఉదయం 6.40కి కెప్టెన్ గదిలో ఫోన్ మోగింది. తొమ్మిదో డెక్‌లో ఒక ప్రయాణికురాలు కనిపించడం లేదు.

పది నిమిషాల్లో సెక్యూరిటీ ఆఫీసర్ ఆ ప్రయాణికురాలి గదిలో ఉంది. ఓడ సిబ్బంది ఆమెను చాటుగా 'జిగురు' అంటారు. పట్టుకుంటే వదలదని. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

బాల్కనీ తలుపు బార్లా తీసి ఉంది. బాల్కనీలో ఆడవాళ్ళ చెప్పులు. మంచం మీద ఉండాల్సిన రెండు దిండ్లలో ఒకటే ఉంది. బాల్కనీ కింద, ఎక్కడో లోతున, సముద్రం.

కనిపించని మనిషి భర్త మంచం అంచున కూర్చున్నాడు. చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టుకున్నాడు. ఏడవడం లేదు.

"ఆవిడ్ని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"రాత్రి పదకొండుకి. నేను పడుకున్నాను. ఆరున్నరకి లేచేసరికి లేదు."

"గొడవ పడ్డారా?"

"లేదండీ. మాట్లాడుకుంటే కదా గొడవ."

కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పాడు.

"ఈ గది ఎవరు ఎంచుకున్నారు?"

"నేనే." మొదటిసారి అతని గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. "ఓడ ప్లాన్ ముందు పెట్టుకుని రెండు నెలలు వెతికాను. సరిగ్గా ఓడ మధ్యలో. పైనా గదులే, కిందా గదులే. లిఫ్టుకి దూరం. ఇంజన్‌కి దూరం. డాన్స్ హాలుకి దూరం. ఇంతకంటే నిశ్శబ్దంగా ఉండే గది ఈ ఓడలో లేదు."

"అంత నిశ్శబ్దం ఎందుకు?"

"మా అమ్మకి మూడేళ్ళు ఇంట్లోనే ఆక్సిజన్ మెషిన్ పెట్టాం. మా పడకగది పక్కనే. రాత్రీ పగలూ గుర్రుమంటూనే ఉండేది. కరెంటు పోయి అది ఆగితే వెంటనే లేచి సిలిండర్ తగిలించాలి. నేనెప్పుడూ లేవలేదు. మా ఆవిడే లేచేది. అమ్మ పోయి ఆరు నెలలైంది. ఇప్పుడైనా కంటినిండా నిద్రపోతుందని ఈ ట్రిప్ పెట్టాను."

మళ్ళీ గొంతు చల్లారిపోయింది.

లిఫ్టు దగ్గరి సీసీ కెమెరాలో ఆమె లేదు. గది పక్కనున్న సిబ్బంది మెట్లకు కెమెరాయే లేదు. ఓడ బయటి కెమెరా అద్దం నిండా ఉప్పు పేరుకుంది. మైకులో మూడుసార్లు పిలిచారు. గదులన్నీ తెరిచి చూశారు. మనిషి లేదు.

జిగురు బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. తువ్వాలు పొడిగా ఉంది. నేల పొడిగా ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. అరలో హెయిర్ డ్రయ్యర్. మూతి దగ్గర కాలిన వాసన. స్విచ్ వేస్తే పలకలేదు.

గదులు శుభ్రం చేసే ఆమెను పిలిచింది.

"ఇది రెండోది మేడం. మొదటిది నిన్ననే కాలిపోతే మార్చాను. ఆవిడ జుట్టు చూస్తే ఎప్పుడూ నూనె రాసిన జడే. ఫ్యాన్ కూడా కట్టొద్దంది. సరేలే అన్నాను."

7.30కి లాంజ్‌లో, వాళ్ళతో కలిసి ప్రయాణం వచ్చిన మిగిలిన ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఒకరు ఆమె తమ్ముడు. ఇంకొకరు భర్త అక్క, అంటే ఆమె ఆడపడుచు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు.

"బావే తోసేశాడు. రాసుకోండి," అన్నాడు తమ్ముడు.

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. కేక పెట్టినా ఎవరికీ వినపడని గది వెతుక్కున్నాడు. అక్క లేదని తెలిసి కంట తడైనా పెట్టాడా?"

ఆడపడుచు గిర్రున తిరిగింది.

"మీ అక్క పెట్టిందా మరి? మూడేళ్ళు చాకిరీ చేసింది, కాదనను. మా అమ్మ పోయినరోజు ఒక్క చుక్క రాల్చలేదు. అత్త చచ్చిన ఆరు నెలలకి కోడలి కంట నీరొచ్చిందట! మా మరదలికి అదీ రాలేదు. ఆ మనిషి తీరే అంత. మొన్న లైఫ్‌జాకెట్ డ్రిల్ నుంచి వస్తూ దారి తప్పి అట్టడుగు డెక్‌కి పోయాం. ఓడ వెనక కొసకి. గోడలు అదిరిపోతున్నాయి. మేం చెవులు మూసుకుంటే ఆవిడ గోడకి చెయ్యానించి నిలబడిపోయింది. మా తమ్ముడు లాక్కొస్తే కానీ కదల్లేదు."

జిగురు రాయడం ఆపింది.

8.05కి కెప్టెన్ ముందు నిలబడింది.

"ఇంజన్లు ఆపి ఓడ వెనక్కి తిప్పుతున్నాను," అన్నాడు కెప్టెన్. "ఆ మొగుణ్ణి కాపలాలో పెట్టు. రేవులో పోలీసులకి అప్పగిద్దాం."

"ఇంజన్లు ఆపండి సార్. తిప్పేముందు నాకు పది నిమిషాలివ్వండి."

"ఆవిడ నీళ్ళలో ఉంటే పది నిమిషాలంటే ప్రాణం. నీ లెక్క తప్పయితే?"

"నా ఉద్యోగం తీసేయండి."

"నీ ఉద్యోగం ఎవడిక్కావాలి? ఇంజన్లు ఆగడానికి పావుగంట పడుతుంది. ఆగాక ఐదు నిమిషాలు."

భర్తతో కలిపి ముగ్గుర్నీ వెంటబెట్టుకుని అట్టడుగు డెక్‌కి దిగింది. వెనక కొస. వరసగా మూసిన తలుపులు. కాళ్ళ కింద నేల అదురుతోంది. అరిస్తే కానీ మాట వినపడదు.

"ఇవి ఒకప్పుడు ప్రయాణికుల గదులే. చప్పుడు భరించలేక ఎవరూ తీసుకోకపోతే పాత పరుపులు పడేశారు. మైకులు పీకేశారు. పొద్దున మావాళ్ళు తలుపులు తీశారు, పరుపులు చూశారు, మూసేశారు."

"మా అక్క ఇక్కడెందుకుంటుంది?" తమ్ముడు అరిచాడు.

"నూనె జుట్టుకి డ్రయ్యర్ ఎందుకు? అదీ కాలిపోయేదాకా? తడిలేని బాత్‌రూమ్‌లో ఫ్యాన్ ఎందుకు? ఆవిడకి కావలసింది గాలి కాదు, మోత. బాల్కనీ తలుపు తీసింది సముద్రం వినపడుతుందేమోనని. అంత ఎత్తుకి వినపడలేదు. దూకేవాళ్ళు దిండు పట్టుకుపోరు."

భర్త వైపు తిరిగింది జిగురు.

"మెషిన్ మోగుతుంటే మీకు చిరాకు. ఆవిడకి అది మోగినంతసేపే నిద్ర. మోగుతోందంటే అత్తగారు బతికున్నట్టు. చివరికి దాన్ని ఆపిందెవరు?"

"నేనే. అమ్మ పోయిన పొద్దున."

"ఆ పొద్దుటి నుంచి ఆవిడ మేలుకునే ఉంది. మీరు రెండు నెలలు వెతికి మళ్ళీ ఆ నిశ్శబ్దమే కొనిచ్చారు."

"అలాగా," అన్నాడతను. అంతే అన్నాడు.

8.20. ఇంజన్లు ఆగాయి.

నేల అదురు నెమ్మదిగా చచ్చింది. గోడలు ఊరుకున్నాయి. ఒక నిమిషం గడిచింది. వరసలో ఒక్క తలుపూ కదల్లేదు. రెండో నిమిషం. జిగురుకి భయం వేసింది. తన తెలివికి ఒక మనిషి ప్రాణం పందెం కాసినట్టయింది. రేడియో నోటి దగ్గరికి తీసుకుంది.

అప్పుడు మూడో తలుపు వెనక పరుపులు దబ్బున పడ్డాయి.

తలుపు తెరుచుకుంది. ఒట్టి కాళ్ళు. ఊడిన జడ. చెంప మీద దిండు ముడతలు. మొహంలో ఇంకా నిద్ర.

"కరెంటు పోయింది. సిలిండర్ ఎక్కడ పెట్టారు? అత్తయ్యా, వస్తున్నా, వచ్చేశా!"

ఎవరినీ చూడకుండా వాళ్ళ మధ్యనుంచే పరుగెత్తింది. గోడకు మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంది. రెండు చేతులా దాన్ని పట్టుకుని పైకి లాగింది. పైపు కోసం తడిమింది. తడుముతూ తడుముతూ ఆగింది.

"అత్తయ్య లేదు కదా," అంది.

నేల మీద కూలబడింది. సిలిండర్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆరు నెలలకి కోడలి కంట నీరొచ్చింది. సామెత చెప్పిన ఆడపడుచే ముందు కదిలింది. పక్కన చతికిలబడి, ఆ సిలిండర్ తీసి అవతల పెట్టి, మరదలి తల తన ఒళ్ళోకి తీసుకుంది.

"మనిషి దొరికింది సార్," అంది జిగురు రేడియోలో. "ఇంజన్లు వేయించండి. త్వరగా."

భర్త అక్కడే నిలబడి ఉన్నాడు.

"మేడం, ఈ గది మాకిస్తారా?"

"ఇది ఇచ్చే గది కాదండీ. ఎవరూ అడగరు కూడా."

"నేనడుగుతున్నాను. పరుపులున్నాయిగా, చాలు."

నేల మళ్ళీ అదరసాగింది. ఆడపడుచు ఒళ్ళో ఆమె కళ్ళు మూతపడ్డాయి. అతను వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. మొన్న ఆమె పెట్టినట్టే గోడ మీద చెయ్యి పెట్టాడు. అచ్చం అమ్మ గదిలో గోడలాగే అదురుతోంది. అప్పుడు అతనికీ ఏడుపొచ్చింది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.