గాజు గదిలో గొంతు

గాజు గదిలో పెద్ద డాక్టరు కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. చెవులకు హెడ్‌సెట్. కుడి పిడికిట్లో దాని వైరు.

గాజు గోడకు ఇవతల రోబో చేతుల్ని నడిపే కన్సోల్. మూడు వందల కిలోమీటర్ల దూరంలోని ఆస్పత్రిలో ఉన్న పేషెంటుకు ఇక్కణ్ణుంచే ఆపరేషన్. అతనికున్నది ఒకే కిడ్నీ. దాని మీద గడ్డ. పన్నెండుకల్లా గడ్డ తీసి, కుట్లు వేసి ముగించారు. ఆ తర్వాతే శవం కనబడింది.

"గుండెపోటు," అన్నాడు పోలీసు డాక్టరు. "ఒక్కసారిగా పోలేదు. అరగంట దాకా యాతన పడ్డాడు. వెంటనే చూసి ఉంటే బతికేవాడేమో."

ఆ మాటతో పెద్ద డాక్టరు కొడుకు భగ్గుమన్నాడు.

"ఇక్కడున్నది నా భార్య ఒక్కతే సార్. అరగంట చూస్తూ ఊరుకుంది. కేసు రాయండి."

ఆమె పెద్ద డాక్టరు దగ్గరే పని నేర్చుకుంటున్న సర్జన్. గోడకు ఆనుకుని నిలబడింది. కేసు పడితే ఉద్యోగమూ పోతుంది, కాపురమూ పోతుంది.

ఇన్‌స్పెక్టర్ని స్టేషన్లో చాటుగా జిడ్డు అంటారు. అడిగిందే అడుగుతాడు మరి. ఆ పేరు నిలబెట్టుకునే పనిలో పడ్డాడు.

"ఆపరేషన్ చేసిందెవరు?"

"మామయ్యగారు."

"మొత్తం?"

"మొత్తం."

"చేసిందెవరమ్మా?"

"మామయ్యగారేనండీ."

"అబద్ధం!" అరిచాడు కొడుకు. "పదకొండుంబావుకి కన్సోల్ నలభై సెకన్లు ఆగింది. సీటు ఎత్తు మారింది. మెషీన్ లాగ్‌లో రికార్డయి ఉంది. నాన్నని తప్పించి తను కూర్చుంది!"

"కూర్చున్నాను," అందామె. "ఆయనే కూర్చోమన్నారు. 'నువ్వు చెయ్యి, అవతల స్క్రీన్లో చూస్తూ నేను చెప్తా' అన్నారు. పేషెంటు ఆయన్ని నమ్మి ఒప్పుకున్నాడు. నేను చేశానంటే ఆయనకి మాటొస్తుందని దాచాను."

"ఆయనకి బాగోలేదని తెలీదా?"

"తెలీదు."

"పక్క గది. మధ్యలో గాజు గోడ."

"తెలీదండీ!"

నమ్మశక్యంగా లేదు. ఇన్‌స్పెక్టర్ ఆపరేషన్ రికార్డింగ్ తెప్పించుకుని మూడుసార్లు విన్నాడు. తర్వాత శవం దగ్గరికి వెళ్లి పిడికిలి విప్పించాడు.

మూడు గంటలకు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి రికార్డింగ్ పెట్టాడు.

"కుట్టు కాస్త లోతుగా వెయ్యి." నిశ్శబ్దం. "ఆఁ, బాగుంది." నిశ్శబ్దం. "ఇక క్లాంప్ తీసెయ్యి. నీకు పని వచ్చేసిందమ్మా." అంతే. మళ్లీ పెద్ద డాక్టరు గొంతు లేదు.

"మాటకీ మాటకీ మధ్య ఏం విన్నారు?"

"ఏమీ లేదు," అన్నాడు కొడుకు విసుగ్గా.

"అదే నన్ను పట్టేసింది. గుండెపోటు మనిషి ఆయాసం వినబడాలి. కనీసం కుర్చీ కిర్రుమనాలి. నొప్పికి వైరు పట్టుకున్నాడనుకున్నాం. నొప్పొస్తే ఎవరైనా గుండె పట్టుకుంటారు. వైరు మీద, ఆయన బొటనవేలి కింద మైకు ఆపే బటన్ ఉంది. ఊపిరి బిగబట్టి ఒక్క మాట చెప్పడం, వెంటనే మైకు ఆపేయడం. ఈమెకి వినబడకుండా దాచాడు."

"తను చూడొచ్చుగా?" కొడుకు గొంతు తగ్గింది.

"కన్సోల్లో మొహం పెట్టాక పక్కన పిడుగు పడినా కనబడదు. తల ఎత్తితే రోబో చేతులు ఆగిపోతాయి."

కొడుకు భార్య వైపు తిరిగాడు. "నాన్న ఒక్క కేక వేస్తే పోయేదిగా! ఎందుకు వెయ్యలేదు?"

"క్లాంప్ వేసి కిడ్నీకి రక్తం ఆపి ఉంచాం. అరగంట దాటితే అది చచ్చిపోతుంది. అతనికి ఇంకోటి లేదు."

"బతికిందా?"

"ఇందాకే ఫోన్ చేశారు. యూరిన్ వస్తోందట. కేక వేస్తే నేను తల ఎత్తేదాన్ని. అది మామయ్యగారికి తెలుసు."

భర్త తన కుర్చీని ఆమె పక్కకి జరుపుకున్నాడు.

"ఎత్తేదానివే," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అతను రాసిన కంప్లెయింటు కాగితం తిరిగి అతని చేతికే ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాడు.